వెనక చక్రం మీది గీత

పెద్దాయన పోయారన్న కబురు నాకు మెట్ల మీద తెలిసింది. కింది ఇంట్లో ఉండే ఆయన భార్య సగం మెట్లెక్కి అక్కడే ఆగిపోయి, మాస్కు సర్దుకుని, "నిన్న మధ్యాహ్నం. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి చెప్పారు" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా ఆయనకు రెండు రోజులుగా దగ్గు. ఆవిడ పైకి రాకూడదు, నేను కిందికి దిగకూడదు. మధ్యలో ఏడు మెట్లు. మామూలు రోజుల్లో అయితే రెండంగల్లో దిగి ఆవిడను పట్టుకునేదాన్ని. ఆ రోజు చేతులు ఏం చేసుకోవాలో తెలియక గుమ్మం పట్టుకున్నాను.

లోపల్నుంచి మా ఆయన, "ఎవరొచ్చిండ్రు? కరోనా టెస్టుకు అపాయింట్‌మెంటు దొరికిందా?" అని అరిచాడు. ఆవిడ దిగి వెళ్లాక చెప్పాను. "అయ్యో, మొన్ననే గదా మంచిగైతున్నదన్నరు" అన్నాడు. మా పాప హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని గదిలోంచి వచ్చింది. ఆయన్ని అది నొన్నో అనేది. వాళ్ల ఇటాలియన్‌లో తాతయ్య అని. "అయితే నొన్నో ఇంక రాడా? గార్ నిష్ట్ మేర్?" అంది, సగం జర్మన్‌లో. ఇంక ఎప్పటికీ రాడని చెప్పాను.

ఆ సమయానికి మా పడగ్గదిలో త్రీడీ ప్రింటర్ ఆడుతూనే ఉంది. అరవై ఏళ్ల కిందట ఆయన గీసిన ఒక కారును చేతిలో పట్టేంత బొమ్మగా చేస్తోంది. ముందు భాగం, తలుపులు అయిపోయాయి. వెనక భాగం ఇంకా ఒక రోజు పని ఉంది. దాని మీద ఆయన ఒక్కసారి చెయ్యి వేసి చూడాలి. ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఎనిమిదేళ్ల పరిచయంలో అంతకుముందు ఏదీ అడగలేదు.

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మేం ఈ ఇంట్లో దిగిన వారానికి ఆయన్ని మొదటిసారి చూశాను. అన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు కాగితాలు పట్టుకుని కిందికి దిగేసరికి, పార్కింగ్‌లో ఎవరో ముసలాయన మా కారును నిమురుతున్నారు. కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో, గేదె వీపు నిమిరినట్టు. నేను కొంచెం గట్టిగానే దగ్గాను. ఆయన కళ్లు తెరిచి, "ఈ ఎడమ తలుపు పుట్టుకతో వచ్చింది కాదు. మార్చారు" అన్నారు. ఒక్క ఆక్సిడెంటు కూడా కాలేదని అమ్మినవాడు మూడుసార్లు ప్రమాణం చేసిన కారు అది. నేను నమ్మలేదు. తర్వాత సర్వీసుకిస్తే మెకానిక్ కూడా అదే మాట అన్నాడు. ఆ సాయంత్రం నేను మైసూర్‌పాక్ పట్టుకుని కిందికి వెళ్లాను. ఆయన ముందు దాని అంచు మీద వేలు పెట్టి చూసి, తర్వాత తిన్నారు.

జర్మన్‌లో నేను ఆయన్ని ఎప్పుడూ మీరు అనేదాన్ని. ఆయన మాత్రం మొదటి రోజే నువ్వులోకి దిగిపోయారు. నేనేం పని చేస్తానని అడిగారు. కారు ఒంటిని కంప్యూటర్ మీద నునుపు చేస్తానని చెప్పాను. డిజైనర్లు గీసి ఇచ్చిన ఆకారాన్ని తీసుకుని, తలుపులూ చక్రాల మీది రెక్కలూ బానెట్టూ ఒకదాన్లోంచి ఒకటి ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగేలా చేయడం నా ఉద్యోగం. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మనది ఒకే కులం" అన్నారు. అంటే ఒకే వృత్తి అని ఆయన ఉద్దేశం. నేను ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి నవ్వుకున్నాను.

వీధిలో ఆయనకు మంచి పేరూ ఉంది, చెడ్డపేరూ ఉంది. ఆగి ఉన్న ఏ కారునూ వదిలేవారు కాదు. "నిమరకండి, అలారం మోగుతుంది!" అని ఎదురింటి వాళ్లు కిటికీలోంచి అరిచేవారు. టమాటాలైనా అంతే, కుర్చీ చేతులైనా అంతే, మా పాప తల మీద కొత్తగా కత్తిరించిన జుట్టైనా అంతే, ముందు ఎడమ చెయ్యి వెళ్లేది. "కుడిచేత్తో అన్ని పనులూ చేసి చేసి దానికి సిగ్గు పోయింది. ఎడమ చేతికి ఇంకా సిగ్గుంది, అందుకే అది నిజం చెబుతుంది" అనేవారు. మా ఇంటి పులిహోర మాత్రం ఆయనకు ఎక్కేది కాదు. పాపం, పెట్టినంతా తిని, ప్లేటు ఇస్తూ, "బియ్యాన్ని ఎందుకమ్మాయ్ అంత మెత్తగా శిక్షిస్తావు?" అనేవారు.

మొదటి లాక్‌డౌన్‌లో నేను వంటగది టేబుల్ మీద ఆఫీసు పెట్టాను. వారానికి రెండుసార్లు వాళ్లకు కూరలు, మందులు తెచ్చి గుమ్మం ముందు పెట్టేదాన్ని. సాయంత్రాలు వెనక పెరట్లో ఉన్న పొడుగు బెంచీకి ఈ చివర నేనూ, ఆ చివర ఆయనా కూర్చునేవాళ్లం. అప్పటికే ఆయన కళ్ల నడిమి చూపు పోయింది. మనిషి అంచులు కనపడేవట గానీ ముఖం కనపడేది కాదు. "నువ్వు మాస్కు పెట్టుకున్నా ఒకటే, తీసినా ఒకటే" అని నవ్వేవారు. ఆయన జీవితం నాకు తెలిసింది ఆ బెంచీ మీదే.

టురిన్ పక్కన పుట్టారు. పందొమ్మిదేళ్లప్పుడు, కార్ల ఒళ్లు చేత్తో కట్టే ఒక వర్క్‌షాపులో గీత పనికి చేరారు. అప్పట్లో పెద్ద కంపెనీల నుంచి ఇంజనూ చక్రాలూ చట్రమూ మాత్రమే వచ్చేవట. దాని మీద రేకుతో ఒళ్లు కట్టడం ఇలాంటి వర్క్‌షాపుల పని. అంతకుముందు అదే చోట గుర్రబ్బళ్లు కట్టేవారు. గోడ పొడవునా నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో కారును నిలువెత్తున, అసలు కొలతలో గీయాలి. పెద్ద డిజైనర్ వచ్చి చూసి తుడిచేస్తాడు. మళ్లీ గీయాలి. "మొదటి ఏడాది నేను గీసినవన్నీ గుడ్డకే తెలుసు" అనేవారు. గీశాక పది అడుగులు వెనక్కి నడిచి చూడాలి. పది అడుగుల జాగా లేకపోతే గీయనే కూడదు. కారు ఆగి ఉన్నప్పుడు కూడా ఎటు వెళ్లబోతోందో తెలియాలి. ఈ రెండు మాటలూ నాకు ఆయన కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటారు.

తయారైన కారు ముక్కు మీద వర్క్‌షాపు యజమాని పేరుండేది. గీసినవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు. బాధపడేవారా అని అడిగాను. "గీసినవాడి పేరు గీతలో ఉండాలి. లేకపోతే ముక్కు మీద రాసుకుని ఏం లాభం?" అన్నారు.

ఇరవై ఏడో ఏట ఆయనకు ఒక కారు మొత్తంగా గీసే అవకాశం వచ్చింది. రెండు తలుపుల చిన్న బండి. మొదలు నుంచి చివరి దాకా ఆయన ఒక్కరిదే. అదే మొదటిది, అదే చివరిది. పెద్ద ఫ్యాక్టరీలు ఒళ్లు కూడా తామే అచ్చులో కొట్టుకోవడం మొదలుపెట్టాక వర్క్‌షాపు మూతపడింది. స్కేళ్లూ వంపు పట్టీలూ ఒక గొట్టంలో పెట్టుకుని, భార్యతో రైలెక్కి జర్మనీ వచ్చారు. ఇక్కడ ఉద్యోగం నిలకడగా దొరికింది, గౌరవంగానే చూశారు. కానీ రిటైరయ్యే దాకా ఆయన గీసినవి తలుపు పిడులు, అద్దాల గూళ్లు, దీపాల అంచులు. "ఒకప్పుడు ఈ ఊళ్లో సగం మంది నాతో చెయ్యి కలిపే కారెక్కేవాళ్లు" అని పిడుల గురించి జోకు వేసేవారు.

ఆ శరదృతువులో ఒక ఆదివారం, ఆవిడ అలమారు మీదినుంచి ఒక పొడుగాటి కాగితపు చుట్ట దించారు. ముదురు గోధుమరంగు కాగితం, మనిషికి రెండింతల పొడవు. నడవాలో పరిస్తే వంటింటి దాకా వచ్చింది. ఆ చిన్న బండి, పక్కనుంచి, పైనుంచి, వెనకనుంచి, అసలు కొలతలో. ఆయన మోకాళ్ల మీద కూర్చోలేరు కాబట్టి కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పి ఒక పాదం కాగితం అంచు మీద ఆనించారు.

"దీన్ని నీ యంత్రంలో పెట్టగలవా? చిన్నదైనా సరే. ఒక్కసారి చెయ్యి వేసి చూస్తాను" అన్నారు.

"కారు తయారైంది కదా? ఫోటోలు లేవా?" అన్నాను.

"తయారైంది. అది వేరే సంగతి" అన్నారు.

ఏం వేరే సంగతి అని అడగాల్సింది. అడగలేదు. కళ్లు కనపడని మనిషికి ఫోటోలెందుకు, నేనెంత తెలివితక్కువ ప్రశ్న వేశాను అని నన్ను నేనే తిట్టుకుని పైకి వచ్చేశాను.

మూడు వారాలు కూర్చున్నాను. కాగితాన్ని ముక్కలు ముక్కలుగా స్కాన్ చేయించి, తెర మీద అతికి, గీతల మీద గీతలు లాగాను. ఆఫీసు పని అయ్యాక ఆ పని చేస్తుంటే ప్రాణం లేచొచ్చేది. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది. గీత వంపు ఎలా మారుతోందో దాని మీద దువ్వెన పళ్లలా నిలబెట్టి చూపిస్తుంది. పళ్ల ఎత్తు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి. ఒక్కసారిగా పొడుచుకొస్తే అక్కడ తప్పుందని లెక్క. ఆయన గీత ముందు దీపం నుంచి తలుపు చివరి దాకా బంగారంలా సాగింది. వెనక చక్రం మీదికి వచ్చేసరికి పళ్లు గుప్పున లేచాయి. కాగితం మడత కూడా ఆ దగ్గర్లోనే ఉంది. మడత వల్ల గీత జరిగి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతగా అనుకోను కూడా లేదు. ఇరవై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్లింది. రెండు క్లిక్కులు, పళ్లు సమమయ్యాయి. అసలు కారు మీద అది సెంటీమీటరు తేడా కూడా కాదు. బొమ్మ మీద మిల్లీమీటరు లోపే. ఇది ఇలాగే ఉండాలా అని అడగడానికి ఒక అంతస్తు దిగితే చాలు. దిగలేదు.

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం బొమ్మ తీసుకెళ్లాను. ముక్కలు అతికి, తడి గరుకు కాగితంతో రుద్ది, బూడిదరంగు వేసి. గాలి ఆడాలని కిటికీలన్నీ తెరిచి, అందరం కోట్లు వేసుకుని కూర్చున్నాం. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నారు. కళ్లు ఎలాగూ సరిగ్గా కనపడవు, అయినా మూసుకున్నారు.

ఎడమ చెయ్యి ముక్కు మీదినుంచి బయల్దేరింది. "ఆ, దీపం. ఇదిగో అద్దం మొదలయింది" అంటూ ఆయన ముఖం విప్పారుతుంటే ఆవిడ నా వైపు చూసి నవ్వారు. తలుపు దాటింది. వెనక చక్రం మీదికి వచ్చింది. ఆగకుండా దాటిపోయింది. ఆయన చెయ్యి వెనక్కి తెచ్చి మళ్లీ పోనిచ్చారు. మూడోసారి కూడా. తర్వాత చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"చాలా అందంగా ఉంది. ఎవరిది?" అన్నారు.

నేను నవ్వాను. "మీదే!"

ఆయన బొమ్మను మెల్లగా నా వైపుకు జరిపారు. నాకు ఇబ్బందిగా తోచి నేనే చెప్పాను. "వెనక చక్రం దగ్గర మీ గీతలో చిన్న లోపం ఉంది. నేను సరిచేశాను."

"సరిచేశావా" అన్నారు ఆయన. తర్వాత, "మంచిది. చాలా కష్టపడ్డావు" అన్నారు. ఆవిడ కాఫీ పెట్టడానికి లేచారు.

పైకి వచ్చి నేను మండిపడ్డాను. మూడు వారాలు కూర్చుంటే ఎవరిదని అడుగుతారా అని. మా ఆయన గిన్నెలు కడుగుతూ, "ఆయనను ఒక మాట అడిగి చేస్తే అయిపోవు గద" అన్నాడు. "ఏం అడగాలి? నాకు తెలియదా నా పని?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి, ఒక్కటే ఒక్క కారు గీసిన మనిషి ముందు, లోపం అనే మాట వాడాను. దాన్ని వెనక్కి తీసుకునే వీలు నాకు ఇక లేదు.

ఆ తర్వాత కూడా ఆయన ఎప్పటిలాగే ఉన్నారు. కిటికీలోంచి చెయ్యి ఊపేవారు, పాప స్కూలు సంగతులు అడిగేవారు. బొమ్మ ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పండగలు, ఇంట్లోనే పాఠాలు, ఆఫీసులో గడువులు, సాకులకేం తక్కువ?

జనవరిలో ఒక పెద్ద తెర తెచ్చుకోవడానికి అనుమతి తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అంతస్తు మొత్తం మీద నేనూ, ఎండిపోతున్న మొక్కలూ. పెద్ద కాగితాల ప్రింటర్ కనపడగానే ఎందుకు బుద్ధి పుట్టిందో, ఆ కారు పక్క గీతను అసలు కొలతలో రెండుసార్లు తీశాను. ఆయనది ఒకటి, నేను సరిచేసింది ఒకటి. ఖాళీ కారిడార్ గోడకు ఒకదాని కింద ఒకటి అంటించి పది అడుగులు వెనక్కి నడిచాను. అన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎన్నడూ అలా నడవలేదు. తెరకూ నాకూ మధ్య ఎప్పుడూ మూరెడు దూరమే.

నా గీత నున్నగా జారింది. నా కన్ను కూడా దాంతోపాటు జారి గోడ దాటిపోయింది. ఆయన గీత వెనక చక్రం మీదికి వచ్చి ఒక్క క్షణం బిగిసింది. ఆ బిగువు నుంచే కారు మొత్తం ముందుకు లేస్తోంది. ఆగి ఉన్న కారు ఎటు వెళ్లబోతోందో ఆ ఒక్క చోటే చెబుతోంది. ఆ చోటునే నేను చెరిపేశాను. అక్కడే నేల మీద కూర్చున్నాను.

అప్పుడే ఇంటికి వచ్చి, కింది తలుపు కొట్టి, తప్పు నాదేనని చెప్పి ఉండాల్సింది. రెండు నిమిషాల పని. కానీ నేను వేరేలా ఆలోచించాను. నోటితో చెప్పడం దేనికి, సరైన బొమ్మ చేతిలో పెట్టి చెబుదాం, ఆయనే కనిపెట్టనీ అనుకున్నాను. అది కూడా నా గొప్ప కోసమేనని ఇప్పుడు తెలుస్తోంది. నేను ఫైలు సరిచేసి ప్రింటర్ మొదలుపెట్టే లోపు ఆయన వాకిట్లో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు.

ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వని రోజులు. ఆవిడ నంబరిస్తే ఒకసారి ఫోన్ చేశాను. నర్సు ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. గొంతు బాగానే ఉంది.

"మీకోసం ఒకటి తయారవుతోంది. మీరు రాగానే తెస్తాను" అన్నాను.

"ఏమిటి, మళ్లీ ఆ మెత్తటి అన్నమా?" అన్నారు.

నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వారు, నవ్వు దగ్గులోకి దిగింది, నర్సు ఫోన్ తీసేసుకుంది. నేను చెప్పనే లేదు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోకి ఏదో దిగిందన్నారు. ఆ తర్వాత మెట్ల మీద ఆవిడ.

అంత్యక్రియలకు లెక్కపెట్టి రానిచ్చారు. మా ఆయనకు కరోనా కాదని తేలడంతో మేమూ వెళ్లగలిగాం. ఒక్కొక్కరి మధ్య దూరం కొలిచి నిలబెట్టారు. పట్టుమని పదిహేను నిమిషాలు పట్టలేదు.

మొన్న శనివారం రెండో బొమ్మ కిందికి తీసుకెళ్లాను. తీసుకెళ్లాలా వద్దా అని వారం రోజులు కొట్టుమిట్టాడాను. చివరికి ఆవిడ ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గోడ సంగతి, ఫోన్ సంగతి, లోపం అన్న మాట సంగతి. ఆవిడ ఏడవలేదు. చెయ్యి చాపి వెనక చక్రం మీద నేరుగా అక్కడే వేలు పెట్టారు. వెతుక్కోలేదు.

"ఈ చోటు మీకెలా తెలుసు?" అని అడిగాను.

"నేను ఆ వర్క్‌షాపులోనే సీట్లు కుట్టేదాన్ని. అప్పటికి మాకు పెళ్లి కాలేదు" అన్నారు ఆవిడ. "రేకు ఇక్కడికి వచ్చేసరికి చీలుతోందని పనివాళ్లు గోల పెట్టారు. యజమాని, అయితే కాస్త మెత్తగా చేసేయండి, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. బండి ఎగ్జిబిషన్‌కు వెళ్లే ముందు రోజు ఈయన వచ్చి చెయ్యి వేశారు. అందరి ముందూ, చాలా అందంగా ఉంది, ఎవరిది అన్నారు. మళ్లీ ఆ బండి ముఖం చూడలేదు."

అరవై ఏళ్లు దాచుకున్న కాగితాన్ని మనిషి నా చేతికిస్తే, నేను కూడా సరిగ్గా ఆ చోటే చెరిపేశాను.

"డిసెంబర్‌లో నువ్వు వెళ్లాక అడిగాను, కోపం వచ్చిందా అని" అన్నారు ఆవిడ. "లేదన్నారు. పాపం, ఆ అమ్మాయికి కూడా అక్కడే భయం వేసింది అన్నారు. అంతే. కాఫీ తాగి పడుకున్నారు."

అప్పుడు ఏడ్చింది నేను. ఆవిడ నన్ను ఏడవనిచ్చారు. తర్వాత బొమ్మను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, మెల్లగా అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టారు. బయటి వెలుగు దీపం దగ్గర పుట్టి, తలుపు వెంట నడిచి, వెనక చక్రం మీద ఒక్క క్షణం ఆగి, ముందుకు దూకింది. మళ్లీ తిప్పారు. మళ్లీ అక్కడే ఆగింది. ఆవిడ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి వాళ్ల భాషలో చిన్నగా ఒక మాట అన్నారు.

ఈసారి అడిగాను, ఏమన్నారని.

"వచ్చేసింది అని చెప్పాను" అన్నారు ఆవిడ.